మిరియపు గింజ, మిరియపు పొడి: తెలుగు వంటలో రూపభేద చరిత్ర

ప్రవేశిక

తెలుగువారి ఆహార చరిత్రలో మిరియానికి సంబంధించి స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండాల నుంచి మిరపకాయ ఈ దేశానికి వచ్చిందనీ, అంతవరకు కారానికి ఆధారమైన మిరియాన్ని అది వంటింటి నుంచి తొలగించిందనీ ఆ అభిప్రాయ సారాంశం. ఇందులో మొదటి సగం అంగీకరించదగినదే. రెండో సగం మాత్రం పరిశీలించవలసింది. మిరియం తెలుగు వంటిల్లు విడిచి వెళ్ళలేదు. పొంగలిలో, వడలో, చారులో, పానకంలో ఇప్పటికీ ఉంది. అయితే ఈ నాలుగు చోట్లా దాని రూపం ఒకటి కాదు. పొంగలిలో అది నేతిలో వేగిన నిండు గింజ. వడలో కచ్చాపచ్చాగా దంచిన పలుకు. చారులోనూ పానకంలోనూ మెత్తని పొడి.

వంట గురించిన చర్చలలో ద్రవ్యం పేరు చెప్పి ఊరుకోవడం పరిపాటి. ద్రవ్యం ఏ రూపంలో వాడబడిందన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. మిరియం విషయంలో ఆ ప్రశ్న వేస్తే చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుంది. మిరప ఆక్రమించినది మిరియం స్థానాన్ని మొత్తంగా కాదు, నిత్యం కూరలలో పడే మిరియపు పొడి స్థానాన్ని. నేతిలో వేగే గింజకూ, నివేదనలోను, పథ్యంలోను వాడే పొడికీ స్థానభ్రంశం కలగలేదు. పదచరిత్ర, శాసనాలు, కావ్యం, వాడుకలోని వంటకాలు అనే నాలుగు ఆధారాలతో ఈ ప్రతిపాదనను నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పదాల సాక్ష్యం

సంస్కృతంలో దీనికి మరీచమని పేరు. తమిళంలో మిళగు, కన్నడంలో మెణసు, తెలుగులో మిరియము. వీటిలో ఏది దేనికి మూలమన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. మిరియపు తీగ పడమటి కనుమలకు సహజమైనది కాబట్టి పదం కూడా దక్షిణాది నుంచే ఉత్తరానికి నడిచి ఉండవచ్చునన్న వాదానికి బలం ఉంది. పాశ్చాత్య భాషల పదం మాత్రం మరీచం నుంచి పుట్టలేదు. గ్రీకు, లాటిన్ భాషలు పిప్పలి అనే పేరును స్వీకరించి, దానినే తరువాత మిరియానికి వర్తింపజేశాయి. తెలుగులో పిప్పళ్ళు, మిరియాలు, శొంఠి వేరువేరు ద్రవ్యాలుగానే నిలిచాయి. ఈ మూడింటి కూడికే వైద్యంలోని త్రికటుకం.

కొత్తగా వచ్చిన కాయకు దక్షిణ భాషలు పేరు పెట్టిన తీరు గమనించదగినది. తమిళంలో అది మిళగాయ్, అంటే మిరియపు కాయ. కన్నడంలో మెణసినకాయి. తెలుగులో మిరపకాయ. మిరప, మిరియము అనే రెండు రూపాలకూ ఉన్న చుట్టరికం స్పష్టమే. కొత్త ద్రవ్యాన్ని పాత ద్రవ్యపు గుణంతో గుర్తించి, ‘కాయ’ అనే పదంతో వేరుచేశారు. అంటే పేరు పెట్టడంలోనే రూపభేదం ఉంది. పాతది గింజ, కొత్తది కాయ.

పేరు పంచుకున్న తరువాత పాత ద్రవ్యం గతి అన్ని భాషలలోనూ ఒకటిగా లేదు. హిందీలో మిర్చ్ అనే పదం మిరపకు పోగా, మిరియం తనను తాను చెప్పుకోవడానికి ‘కాలీ’ అనే విశేషణం తగిలించుకోవలసి వచ్చింది. మిరియానికి పుట్టినిల్లయిన కేరళలో సైతం ముళకు అనేది నేడు మిరపకే చెల్లుతోంది, మిరియం కురుముళకు అయింది. కన్నడంలో కాళు మెణసు అనే వాడుక ఉంది. కాళు అంటే గింజ. తెలుగులో మాత్రం మిరియాలు అన్న పదానికి ఏ విశేషణమూ అవసరం కాలేదు. ‘నల్ల మిరియాలు’ అనే మాట తెల్ల మిరియాల నుంచి వేరుచేయడానికి పుట్టినదే తప్ప మిరప నుంచి వేరుచేయడానికి కాదు. మిరియం పూర్తిగా స్థానభ్రష్టమై ఉంటే పదం ఇంత భద్రంగా నిలవడం కష్టం.

వ్యాకరణపరంగా మరొక సూక్ష్మం ఉంది. కావ్యభాషలో ‘మిరియపు’, ‘మిరియంపు’ అనే ఏకవచన ఔపవిభక్తిక రూపాలు కనిపిస్తాయి. నేటి వాడుకలో ‘మిరియాల చారు’, ‘మిరియాల పొడి’ అంటూ బహువచన రూపం స్థిరపడింది. ఉప్పు, పసుపు, ఇంగువ వంటి ద్రవ్యవాచకాల పక్కన మిరియాలు బహువచనంలో నిలవడానికి కారణం, అది నేటికీ మాట్లాడేవారి మనసులో లెక్కించదగిన గింజల సమూహం కావడమే. దంచిన తరువాత కూడా పేరులో గింజలు మిగిలే ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిర్యాల అనే ఇంటిపేరు, మిర్యాలగూడ వంటి ఊరిపేర్లు తెలుగునాట ఉన్నాయి. కేవలం ధ్వనిసామ్యం ఆధారంగా వాటిని మిరియపు వ్యాపారానికి నిదర్శనాలుగా చూపడం తగదు. వ్యాపారానికి అంతకంటె గట్టి ఆధారాలు శాసనాలలోనే ఉన్నాయి.

ప్రయాణంలో గింజ, వాడుకలో పొడి

కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం సముద్ర వ్యాపారులకు రక్షణ ప్రకటించి, సరుకులపై సుంకాలను నిర్ణయించింది. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టునూలు వంటి విలువైన వస్తువుల పట్టికలో మిరియాలు కూడా ఉన్నాయి. తెలుగు తీరానికి మిరియం బయటి నుంచి వచ్చే సరుకు. ఓడలోనో, బండిమీదనో వచ్చేది గింజగానే వచ్చేది.

గింజగా రావడానికి కారణం ద్రవ్య స్వభావంలోనే ఉంది. మిరియపు కారానికి మూలమైన పైపరిన్ అనే పదార్థాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ 1819లో వేరుచేశాడు. అది సులభంగా ఆవిరి కాదు. మిరియపు వాసనకు మూలమైన నూనెలు మాత్రం త్వరగా ఎగిరిపోతాయి. గింజ పైపొర ఉన్నంతవరకు అవి నిలుస్తాయి. దంచగానే తరగడం మొదలవుతుంది. కాబట్టి పాతబడిన పొడిలో ఘాటు ఉంటుంది గాని వాసన ఉండదు. దీనికి తోడు, పొడిలో కల్తీని కంటితో పట్టడం కష్టం. బొప్పాయి గింజలు కలిపిన మిరియాలను ఏరి చూడవచ్చు. అవే గింజలు కలిపి విసరిన పొడిని ఏరడం సాధ్యం కాదు. దూరప్రయాణానికి, నిలువకు, బేరానికి గింజే తగిన రూపం.

ఈ సూత్రం తెలుగునాటికి మాత్రమే పరిమితం కాదు. ఎర్ర సముద్రతీరంలోని బెరెనికే రేవులో జరిపిన తవ్వకాలలో, ఒక దేవాలయ ప్రాంగణంలో పాతిన భారతీయ కుండలో సుమారు 7.5 కిలోల మిరియాలు నిండు గింజలుగా దొరికాయి. అవి మలబారు తీరం నుంచి రోమను సామ్రాజ్యానికి పోయే దారిలో ఆగినవి. ఆ దారి చివర, రోమను వంటింటిలో, వాటి రూపం మారింది. ఏపీసియస్ పేరుతో ప్రసిద్ధమైన లాటిన్ పాకగ్రంథంలో చాలా వంటకాల విధానం మిరియాలు నూరమన్న ఆదేశంతోనే మొదలవుతుంది. ఇంగ్లండులోని హాక్స్‌న్ గ్రామంలో 1992లో బయటపడిన నిధిలో మిరియపు పొడి చల్లుకోవడానికి చేసిన వెండి పాత్రలు ఉన్నాయి. రేవులో గింజ, భోజనపు బల్లమీద పొడి అన్న విభజన అక్కడ రెండు చివరలా ఆధారాలతో నిలిచి ఉంది. తెలుగునాట మొదటి చివరకు మోటుపల్లి శాసనం సాక్ష్యం. రెండో చివరకు సాక్ష్యం కావ్యంలో దొరుకుతుంది.

ఆముక్తమాల్యదలో మిరియపు పొడి

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పరిపాలించాడు. ఆయన ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టే భోజనాల వర్ణన ఉంది. వానాకాలానికి వడియాలు, వరుగులు, పెరుగు. వేసవికి పలుచని అంబలి, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు, నీరుమజ్జిగ. చలికాలానికి కొత్త బియ్యపు అన్నం, మిరియపు పొళ్ళు చేర్చి వేడివేడిగా వండిన కూరలు, ముక్కుకు ఎక్కే ఆవపచ్చళ్ళు, పాయసం, ఊరగాయలు. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో అయినా, భోజనం చెప్పిన భాషలో తెలుగు వంటింటి పరిచయం స్పష్టంగా ఉంది.

ఈ వర్ణన ప్రాముఖ్యం మూడు అంశాలలో ఉంది. మొదటిది కాలం. పోర్చుగీసువారు గోవాను ఆక్రమించినది 1510లో. కావ్యరచన నాటికి మిరపకాయ తెలుగు వంటలో భాగం కావడానికి వ్యవధి లేదు. కనుక ఇందులోని ఘాటు పూర్తిగా మిరియానిది, ఆవాలది. రెండవది రూపం. కవి మిరియాలు అనలేదు, మిరియపు పొళ్ళు అన్నాడు. కూరను చుట్టుకొని పట్టేది పొడే. గింజ ఆ పని చేయలేదు. మూడవది ఋతువు. మిరియపు పొడిని కవి చలికాలపు భోజనానికి కేటాయించాడు. శీతాన్ని అణచే ఉష్ణద్రవ్యంగా వైద్యం చెప్పిన గుణమే వంటకు ప్రమాణమైందని దీనివల్ల గ్రహించవచ్చు.

కూరలో పొడి అన్న సంప్రదాయం రాయలతో మొదలైనది కాదు. పన్నెండో శతాబ్దంలో పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలోని అన్నభోగ ప్రకరణం కూడా ఉప్పు, ఇంగువ, మిరియాల కలయికను తరచుగా చెబుతుంది. మిరపకు ముందు దక్కను వంటలో కారపు పొడి అంటే మిరియపు పొడి అని భావించడానికి ఈ ఆధారాలు చాలు.

పాత కావ్యాలను చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవలసి ఉంటుంది. కారం అన్న మాట నేటి పాఠకుడికి వెంటనే ఎర్రని మిరపపొడిని స్ఫురింపజేస్తుంది. రాయల కాలపు భోజనపు విస్తరిని ఎర్రగా ఊహించుకుంటే అది కాలవ్యత్యయ దోషమే. ఆ విస్తరిలోని కూర రంగు మిరియపు పొడితో నల్లబారినదో, పసుపుతో పచ్చబారినదో అయి ఉండాలి.

మిరప ఆక్రమించిన స్థానం

మిరప విజయానికి మొదటి కారణం ఆర్థికం. మిరియం కనుమల మీది తేమ నేలలలో, చెట్టును పట్టుకొని పాకే తీగ. మిరప ఒకే పంటకాలంలో కాపునిచ్చే మొక్క. తెలుగునాటి నల్లరేగడి నేలలకు, ఎండకు అది చక్కగా సరిపోయింది. కొనవలసిన సరుకు స్థానంలో పండించుకోగల సరుకు వచ్చింది. మిరియాన్ని ఈ గడ్డమీద పండించే ప్రయత్నాలు లేకపోలేదు. 1781లో సామర్లకోటకు వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, అక్కడికి దగ్గరి కొండలలో అడవి మిరియాన్ని గుర్తించి, ఈస్టిండియా కంపెనీ కోసం మిరియపు తోట పెంచాడు. అది మైదాన ప్రాంతపు సాగుగా నిలవలేదు. నేడు పాడేరు, అరకు ప్రాంతపు గిరిజన రైతులు కాఫీ తోటలలో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు పాకించి పండిస్తున్నారు. తెలుగునాట మిరియం కొండకు చెందినదిగానే ఉండిపోయింది.

రెండో కారణం రూపం. ఎండు మిరపకాయను దంచితే వచ్చే పొడి సరిగ్గా మిరియపు పొడి చేసే పనే చేస్తుంది. కూరను పట్టుకుంటుంది, నూనెలో కలుస్తుంది, పైగా రంగునిస్తుంది. చవకైనది, విస్తారంగా దొరికేది కాబట్టి నిత్యవ్యవహారంలో దానిదే పైచేయి అయింది. చివరకు ‘కారం’ అన్న రుచివాచకం మిరపపొడికి పేరై కూర్చుంది. షడ్రసాలలో ఒకదాని పేరు ఒక ద్రవ్యానికి సొంతమైందంటే ఆ ద్రవ్యం ఆధిపత్యం ఎంతటిదో ఊహించవచ్చు.

అయితే ఆ ఆధిపత్యానికి హద్దులున్నాయి. మొదటిది దేవాలయం. పదిహేను, పదహారో శతాబ్దాల తిరుమల శాసనాలు, ఎక్కువగా తమిళంలో ఉన్నవి, నైవేద్యాలకు కావలసిన సంభారాలను వివరంగా చెబుతాయి. బియ్యం, నెయ్యి, పెసరపప్పు, ఉప్పు, మిరియాలు, కూరలు, పెరుగు అన్న వరుస వాటిలో తరచుగా ఎదురవుతుంది. ఉప్పు పక్కన మిరియం నిలిచిన ఆ వరుస మిరపకు పూర్వపు వంటింటి స్వరూపాన్ని చూపుతుంది. తిరుమలలో నేటి మిరియాల పొంగలి, మిరియాలు వేసిన వడ ఆ వరుసకు కొనసాగింపు. రెండోది పితృకార్యం. ఆబ్దికపు వంటలో మిరపకాయను వర్జించి మిరియాలతో వండే ఆచారం చాలా కుటుంబాలలో ఉంది. మూడోది పథ్యం. జ్వరం తగ్గినవారికి మిరియాల చారు, జలుబుకు మిరియాల పాలు, బాలింతకు మిరియపు పొడితో అన్నం పెడతారు. ఉగాది పచ్చడిలో కారానికి మిరియపు పొడి వాడే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆచారం, ఆరోగ్యం అనే రెండు రంగాలలో మిరప ప్రవేశం ఆలస్యమైంది, కొన్నిచోట్ల జరగనే లేదు.

గింజ, పలుకు, పొడి

మిగిలిన ఈ వంటకాలలో మిరియం రూపం యాదృచ్ఛికం కాదు. పైపరిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. కట్టె పొంగలిలో నిండు గింజలను జీలకర్రతో పాటు నేతిలో వేయిస్తారు. వేడి నెయ్యి గింజలోని వాసనను, కొంత ఘాటును తీసుకొని అన్నమంతటా పంచుతుంది. మిగిలిన ఘాటు గింజలోనే ఉంటుంది. పిల్లలు గింజలను ఏరి పక్కన పెట్టడం, పెద్దలు కావాలని కొరకడం ప్రతి ఇంటా కనిపించే దృశ్యం. పొడిలో కారం వండేవారి చేతిలో ఉంటుంది. గింజలో అది తినేవారి పంటి కింద ఉంటుంది. నైవేద్యం పంచుకొని తినే పదార్థం. పసివారికీ వృద్ధులకూ ఒకే ప్రసాదం పెట్టవలసినప్పుడు గింజ రూపం అందరికీ అనుకూలం.

వడలో పరిస్థితి వేరు. మినపపిండిలో నిండు గింజ ఉంటే నూనెలో పిండి దానిని విడిచిపెట్టే అవకాశం ఉంది, కారం ఒకే చోట ఉండిపోతుంది. మెత్తని పొడి వేస్తే పిండి నల్లబడి, పంటికి తగిలే ప్రత్యేకత పోతుంది. అందుకే కచ్చాపచ్చాగా దంచిన పలుకు. పొట్టు మినుములతో చేసిన వడలో, ఆంజనేయుడికి వేసే వడమాలలో ఈ మధ్యస్థ రూపమే కనిపిస్తుంది.

శ్రీరామనవమి పానకంలో వేడి లేదు, నెయ్యి లేదు. బెల్లపు నీటిలో నిండు మిరియాలు వేస్తే నీటికి ఏ గుణమూ రాదు. అక్కడ మెత్తని పొడి తప్ప మార్గం లేదు. ఆ పొడి కూడా కరగక, గ్లాసు అడుగున చేరుతుంది. పానకాన్ని కలిపి తాగడం అందువల్లనే. చారులో మరుగుతున్న చింతపండు నీటికి మిరియం, జీలకర్ర నూరి వేస్తారు. తమిళంలో మిళగు తణ్ణీర్ అనే పేరుగల ఈ వంటకమే ఆంగ్లేయుల నోట మలిగటానిగా మారి వారి వంటపుస్తకాలకెక్కింది. అక్కడికి పోయినది కూడా పొడి రూపపు వంటకమేనన్నది గమనార్హం.

ఈ మూడు రూపాలూ మూడు మాధ్యమాలకు చెందినవి. నేతికి గింజ, పిండికి పలుకు, నీటికి పొడి. నూనె కూరలో పొడి అనే నాలుగో స్థానం ఒకప్పుడు మిరియానిదే. అదే మిరపకు పోయింది.

నూరడం, దంచడం

రూపభేదం క్రియాపదాలలోనూ నిక్షిప్తమై ఉంది. తెలుగు వంటింటిలో పొడి చేయడం ఒకే పని కాదు. రోట్లో రోకలితో దంచుతారు. సన్నికల్లు మీద పొత్రంతో నూరుతారు. వైద్యుడు కల్వంలో నూరుతాడు. తిరగలిలో విసురుతారు. తడిపిన పప్పును రుబ్బుతారు. మిరియాలకు దంచడం, నూరడం ప్రధానంగా వర్తిస్తాయి. దంచితే పలుకు, నూరితే మెత్తదనం. ‘నాలుగు మిరియాలు దంచి వెయ్యి’, ‘నాలుగు మిరియాలు నూరి వెయ్యి’ అనే రెండు వాక్యాలు ఒకే వంటకాన్ని చెప్పవు.

ఒకరిమీద తీవ్రమైన కోపంతో ఉన్నవారిని ‘కారాలు మిరియాలు నూరుతున్నారు’ అనడం తెలుగు జాతీయం. ఇందులో కారం, మిరియం పక్కపక్కన ఉన్నాయి. నేటి అర్థంలో కారమంటే మిరప కాబట్టి ఈ జాతీయం మిరప వచ్చిన తరువాతదని తీర్మానించాలనిపిస్తుంది. కాని కారం అనే పదం ఘాటైన రుచికి సామాన్యవాచకం కూడా. ఆ అర్థంలో తీసుకుంటే జాతీయం మిరపకంటె పాతది కావచ్చు. అందుచేత దీనినిబట్టి కాలనిర్ణయం చేయడం భద్రం కాదు. నిశ్చయంగా చెప్పగలిగినది మరొకటి ఉంది. జాతీయంలోని క్రియ నూరడం. కత్తులు నూరడం కూడా తెలుగులో వైరానికి గుర్తే. పదును పెట్టడానికీ, పొడి చేయడానికీ ఒకే క్రియ ఉండడం ఈ జాతీయానికి బలమిచ్చింది. గింజగా ఉన్నంతసేపు మిరియపు ఘాటు లోపల అణగి ఉంటుంది. నూరినప్పుడే బయటపడి ఎదుటివారి కళ్ళనూ ముక్కునూ తాకుతుంది. కోపానికి పోలికగా ప్రజలు ఎన్నుకొన్నది మిరియాన్ని కాదు, మిరియం గింజ నుంచి పొడిగా మారే క్షణాన్ని.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. మోటుపల్లి శాసనం మిరియాన్ని సముద్ర వ్యాపారపు సరుకుగా, తిరుమల శాసనాలు నైవేద్య సంభారంగా, ఆముక్తమాల్యద కూరలోని పొడిగా చూపుతున్నాయి. మిరప రాకతో ఈ మూడింటిలో మూడవదే ప్రధానంగా చేతులు మారింది. మాధ్యమం నెయ్యి, పిండి, నీరు అయినచోట, సందర్భం నివేదన, పితృకార్యం, పథ్యం అయినచోట మిరియం తన రూపంతో సహా నిలిచింది. తెలుగులో మిరియాలు అనే పదానికి విశేషణం అవసరం కాకపోవడం ఈ నిలకడకు భాషాపరమైన నిదర్శనం.

నేడు ఈ రూపభేదానికి ఎదురైన మార్పు మిరపకంటె నిశ్శబ్దమైనది. పొట్లాలలో దొరికే మిరియపు పొడి పలుకునూ మెత్తదనాన్నీ ఒకటి చేస్తోంది. మిక్సీ వచ్చిన ఇంట్లో దంచడం, నూరడం, విసరడం మూడూ ‘పట్టడం’ అనే ఒక్క క్రియలో కలిసిపోతున్నాయి. నిఘంటువులు మిరియం అనే నామవాచకాన్ని భద్రపరిచాయి. దానితో నడిచిన క్రియలు, రూపవాచకాలు, ఏ వంటకానికి ఏ రూపమన్న వివేచన ఎక్కువగా నోటిమాటగానే ఉన్నాయి. 1962లో వ్యవసాయ సంపుటంతో ఆరంభమైన మాండలిక వృత్తి పదకోశం, చేతిపనిని చూస్తూ పదాన్ని సేకరించే పద్ధతిని తెలుగు పరిశోధనకు అందించింది. ఆ పద్ధతిని రోలు, సన్నికల్లు, కల్వం దగ్గరకు తీసుకుపోవలసి ఉంది. వాటిని నిత్యం వాడిన తరం ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి. పదం మిగిలి, పని మరుగున పడితే, రాయల విస్తరిలోని మిరియపు పొళ్ళకు రేపటి వ్యాఖ్యాత అర్థం చెప్పగలడు గాని అవి పొళ్ళే ఎందుకయ్యాయో చెప్పలేడు.